క్వారీ పక్క ఊళ్లో భూగర్భజలం లెక్క రాసి పెట్టుకోవడం ఎలా

ఊరి పక్కన క్వారీ పడ్డాక బోరు ఎండితే, క్వారీ వల్లే ఎండిందని ఊరంటుంది, వానల్లేక ఎండిందని క్వారీవాళ్లంటారు. రెండూ కొంత కొంత నిజం కావచ్చు. దేని వాటా ఎంతో తేల్చాలంటే, క్వారీ మొదలుకాకముందు అదే బోరులో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉండేవో తేదీతో సహా రాసిన కాగితం కావాలి. అది ఉన్న ఊరి మాటకు అధికారి ముందు బరువుంటుంది. లేని ఊరు ఎంత మొత్తుకున్నా చివరికి మాటకు మాటే మిగులుతుంది.

ఆ కాగితం ఎలా తయారు చేసుకోవాలో, గని నడిచినన్నాళ్లూ ఏం చూడాలో, మూతపడ్డాక ఏం చూడాలో ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేలను దృష్టిలో పెట్టుకుని కింద వరుసగా రాశాం. పెద్ద పరికరాలు అక్కర్లేదు. టేపు, 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్‌లో స్టాప్‌వాచ్, గట్టి అట్ట ఉన్న పొడుగు రిజిస్టరు, నెలకు ఒక పూట తీరిక చేసుకోగల ఇద్దరు మనుషులు చాలు.

మొదటి పని: మీ నేల కింద నీళ్లు ఎక్కడున్నాయో తెలుసుకోండి

ఈ జిల్లాల్లో ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ (గ్రానైటులాంటి చారల రాయి) బండ. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్ల బండ, ఇంకా కిందికి పోతే పగుళ్లే లేని గట్టి బండ. నీళ్లు నిల్వ ఉండేది మొరంలో, నడిచేది పగుళ్లలో. మొరం చాలాచోట్ల 30 నుంచి 60 అడుగుల మందమే ఉంటుంది. నీళ్లిచ్చే పగుళ్లు ఎక్కువగా 300 అడుగుల లోపే దొరుకుతాయి, లోతుకు పోయినకొద్దీ అరుదవుతాయి. మొరం పెద్ద గిన్నె కూడా కాదు. నూరు ఘనమీటర్ల తడి మొరం నుంచి బయటికి ఊరి వచ్చేది రెండు మూడు ఘనమీటర్ల నీరే. అందుకే ఇక్కడ కాసిని నీళ్లు తోడితేనే మట్టం అడుగులకు అడుగులు దిగుతుంది, మంచి వాన పడితే అంతే తొందరగా లేస్తుంది. గని ప్రభావం అర్థం కావాలంటే ముందు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

మీ ఊళ్లో మొరం మందం ఎంతో తెలుసుకోవడానికి తేలిక దారి ఉంది. ప్రతి బోరు యజమానినీ కేసింగ్ (బోరు పై భాగం కూలకుండా దింపే పైపు) ఎన్ని అడుగులు దింపారో అడగండి. గట్టి బండ తగిలేదాకానే కేసింగ్ దింపుతారు కాబట్టి ఆ లెక్కే మొరం మందం. ఇరవై బోర్ల కేసింగ్ లెక్కలు ఊరి పటం మీద గుర్తుపెడితే నీళ్లు దాగే చోటు, దాగని చోటు కళ్లకు కడతాయి. ఎన్ని అడుగుల దగ్గర జల పడిందో కూడా అడిగి రాయండి. బోరు వేసినప్పుడు ఇచ్చిన బిల్లు ఇంట్లో ఉంటే ఇంకా మంచిది.

నల్లరాయి గట్ల సంగతి విడిగా చూడాలి. నల్ల గ్రానైటు పేరుతో కోసి అమ్మేది చాలాచోట్ల డోలరైటు. అది గ్రానైటు మధ్యలో గోడలా నేలలోకి దిగి, ఒక్కోసారి మైళ్ల పొడవున సాగి ఉంటుంది. బిగువుగా ఉన్న గోడ భూమి లోపలి నీటికి అడ్డుకట్ట పని చేస్తుంది. ఎగువ వైపు బాయిల్లో నీళ్లు నిలిచేది అందుకే. ఆ గోడను లోతుగా కోస్తే, కట్ట తెగిన చెరువు తీరుగా ఎగువ నీరు గుంతలోకి దిగొచ్చు. అయితే గోడకే పగుళ్లుంటే నీళ్లు అందులోంచే నడుస్తాయి. ఏది నిజమో చెప్పేవి రెండు వైపుల బాయిలే, కాబట్టి నల్లరాయి క్వారీ దగ్గర రెండు పక్కలా కొలవాలి.

హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే సున్నపురాయిది వేరే లెక్క. అక్కడ నీరు రాయిని కరిగించి చేసుకున్న సందుల్లో పారుతుంది. ఒక సందును గని కోసిందంటే చాలా దూరంలో ఉన్న బాయి కూడా రోజుల్లోనే దిగొచ్చు. పక్కనే ఉన్న ఇంకో బాయికి ఏమీ కాకపోవచ్చు. ఇక్కడ నెలకోసారి కొలిస్తే సరిపోదు, పదిహేను రోజులకోసారి కొలవాలి.

దేవరకొండ దిగువ నుంచి నల్లమల అంచుదాకా పైన క్వార్ట్‌జైటు, పలకరాయి పొరలు, కింద గ్రానైటు ఉంటాయి. ఆ రెండూ కలిసే చోటే లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల యురేనియం నిక్షేపాలున్నాయి. నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. గని రాకపోయినా, ఎక్కడైనా అన్వేషణ కోసం వేసిన బోర్లు పూడ్చకుండా వదిలితే పై పొర నీరూ కింది పొర నీరూ ఆ రంధ్రంలో కలిసిపోతాయి. అలాంటి బోరు కనిపిస్తే అక్షాంశ రేఖాంశాలు రాసుకుని, అడుగు నుంచి పైదాకా సిమెంటు పాలతో మూయించమని రాతపూర్వకంగా అడగండి. పైన రాయి పెట్టి మట్టి కప్పితే అది మూసినట్టు కాదు.

రెండో పని: కొలిచే బాయిలు, బోర్లు ఎంచుకోండి

పదో పన్నెండో చాలు. ముప్పై పెట్టుకుంటే మూడో నెలకే ఆగిపోతుంది.

క్వారీ చుట్టూ గుండ్రంగా గీత గీసి ఎంచుకోవద్దు. గట్టి బండలో మట్టం గుండ్రంగా దిగదు, పగులు సాగిన దిక్కున పొడుగ్గా దిగుతుంది. పగులు వరుసలో అర మైలు దూరాన ఉన్న బోరు ఎండి, వేరే పక్క ఫర్లాంగు దూరంలో ఉన్నది నిక్షేపంగా ఉండటం ఈ నేలలో మామూలే. బండ మీద పగుళ్లు ఏ దిక్కున పోతున్నాయో, వాగు ఎక్కడ ఉన్నట్టుండి తిన్నగా సాగుతోందో, వేసవిలో కూడా తాటిచెట్లో ఈతచెట్లో పచ్చగా ఏ వరుసలో ఉన్నాయో చూడండి. ఆ వరుసలో నాలుగైదు, దానికి అడ్డంగా రెండు మూడు, చెరువు కింద ఒకటి, ఊరి తాగునీటి బోరు ఒకటి పెట్టుకోండి.

వీటికి తోడు, ఎవరూ ఆలోచించని రెండు బోర్లు తప్పనిసరి. అవి క్వారీకి కనీసం మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో, వేరే వాగు పరీవాహకంలో, మీలాంటి బండ మీదే, మీలాగే వరి, పత్తి పండించే పొలాల్లో ఉండాలి. వీటిని సాక్షి బోర్లు అందాం. వానల్లేక తగ్గితే అవీ తగ్గుతాయి. గని వల్ల తగ్గితే అవి అలాగే ఉండి మీవి మాత్రం దిగుతాయి. ఈ రెండూ లేకుండా పదేళ్లు కొలిచినా కారణం తేలదు.

వాడకంలో లేని బోరు ఒకటి దొరికితే బంగారమే. మోటారు గొడవ లేకుండా అసలు మట్టం చూపిస్తుంది. దానికి మూతకు బోల్టు వేసి తాళం పెట్టండి. తెరిచిన బోరు పిల్లలకు ప్రాణాంతకం.

మూడో పని: మట్టం కొలవడం

కేసింగ్ పై అంచు మీద ఒక చోట ఎర్ర రంగుతో గీత పెట్టండి. ప్రతిసారీ అక్కడి నుంచే కొలవాలి. కేసింగ్ నేల మీదికి ఎంత లేచి ఉందో ఒకసారి కొలిచి రాసి, ఆ కొలతను ప్రతి లెక్కలోంచీ తీసేయండి. కేసింగ్ రెండడుగులు లేచి ఉండి టేపు 64 అడుగులు చూపితే నేల నుంచి మట్టం 62 అడుగులు.

బావిలో టేపు చివర రాయి కట్టి వేస్తే చాలు. బోరులో మోటారు, పైపు, కేబులు, తాడు ఉంటాయి కాబట్టి టేపు చిక్కుకుంటుంది. మోటారు దింపేటప్పుడే పక్కన ముప్పావు అంగుళం పీవీసీ పైపును కూడా దింపించుకుంటే ఆ బాధ తప్పుతుంది. దాని అడుగున చిన్న చిన్న రంధ్రాలు చేయించండి. జంట వైరు కొసలను ఒకదానికొకటి తగలకుండా, బాగా దగ్గరగా ఉండేలా ఇన్సులేషన్ టేపు చుట్టి, పై కొసలకు మల్టీమీటరు కలిపి ఆ పైపులోంచి దింపండి. నీటిని తాకగానే ముల్లు కదులుతుంది. వైరు మీద ప్రతి పది అడుగులకూ గుర్తు ముందే పెట్టుకోండి. పైపు గోడకు తడి ఉంటే ముల్లు ముందే కదులుతుంది, కాబట్టి రెండుసార్లు కొలిచి రెండూ కలిస్తేనే రాయండి.

అందరూ తప్పు చేసేది సమయం దగ్గర. మోటారు నడిచిన గంటకే కొలిస్తే వచ్చేది మట్టం కాదు, తోడిన గుంట లోతు. కనీసం పన్నెండు గంటలు ఆపి, తెల్లవారుజామున కొలవాలి. 24 గంటల కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్ ఉన్న మోటారు ఎవరూ లేకున్నా తనంతట తానే నడుస్తుంది. ముందురోజు రాత్రి ఆ పొలం వాళ్లతోపాటు పక్క పొలాల వాళ్లకూ చెప్పి, ఆటో స్టార్టర్ తీయించండి. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ నెల కాలమ్‌లో ‘పక్క మోటారు నడుస్తోంది’ అని రాయండి. తప్పు అంకె రాయడం కంటే అది మేలు.

కేంద్ర భూగర్భజల బోర్డు ఏడాదికి నాలుగుసార్లు, జనవరి, వేసవి, ఆగస్టు, నవంబరులో కొలుస్తుంది. రాష్ట్ర భూగర్భజల శాఖ తన పరిశీలక బోర్లను నెలనెలా కొలుస్తుంది. మీరూ నెలకు ఒకే తేదీన కొలవండి. కనీసం ఒక పూర్తి ఏడాది, జూన్ నుంచి మే దాకా, గని మొదలవకముందే రాయాలి. గని పర్యావరణ నివేదికలో ఉండే కొలతలు చాలావరకు వానకాలం కాని ఒక్క సీజనువే. ఒక సీజను కొలతతో యాసంగి చివర మట్టం ఎక్కడుంటుందో, వానకు ఎంత లేస్తుందో తెలియదు.

పక్కనే వర్షపాతం కాలమ్ ఉండాలి. మండలంలోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం లెక్క తెచ్చుకోండి. ఊళ్లో తిన్నని గోడలున్న డబ్బా ఆరుబయట పెట్టి, వానపడ్డ మర్నాడు పొద్దున్నే స్కేలుతో కొలిచినా సరే.

నాలుగో పని: బోరు ఎంత పోస్తోందో కొలవండి

200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 80 సెకన్లలో నిండితే సెకనుకు రెండున్నర లీటర్లు, గంటకు 9,000 లీటర్లు. మోటారు వేసిన వెంటనే కాకుండా గంట నడిచాక కొలవండి. ఆ గంటలో మట్టం ఎన్ని అడుగులు దిగిందో కూడా చూడండి. పోతను ఆ దిగుడుతో భాగిస్తే వచ్చే అంకె బోరు ఆరోగ్యం. సెకనుకు 2.5 లీటర్లు పోసి 30 అడుగులు దిగితే అడుగుకు 0.083 లీటరు.

దీని ఉపయోగం ఇదీ: తెల్లవారుజాము మట్టం ఎప్పటిలాగే ఉండి ఈ అంకె మాత్రం సగానికి పడితే భూమిలో నీళ్లున్నాయి కానీ బోరులోకి రావడం లేదు. మోటారు అరిగిందా, పైపుకు చిల్లి పడిందా అని ముందు చూడండి. అవి బాగుంటే పగుళ్లలో ఒండు చేరినట్టే, బోరు ఫ్లషింగ్ చేయిస్తే చాలావరకు తిరిగి వస్తుంది. మట్టం, అంకె రెండూ పడితే పై పగుళ్లు ఎండిపోయాయి. అప్పుడు ఫ్లషింగ్‌కు పెట్టిన డబ్బు వృథా.

ఐదో పని: నీటి పరీక్ష

ఏడాదికి రెండుసార్లు, మే చివర, నవంబరులో. మోటారు పది పదిహేను నిమిషాలు నడిపి, అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి, గాలి మిగలకుండా నింపండి. ప్లాస్టిక్ సీసానే వాడండి, గాజు ఫ్లోరైడ్‌ను కొంత పట్టుకుంటుంది. నైట్రేటు నమూనాను ఐసుపెట్టెలో పెట్టి 24 గంటల్లో ల్యాబుకు చేర్చాలి. ఇనుము, యురేనియం వంటి లోహాలు చూడాలంటే వేరే సీసా కావాలి. అందులో వేయాల్సిన నైట్రిక్ ఆసిడ్ ల్యాబువాళ్లే ఇస్తారు.

పీహెచ్, టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు), మొత్తం కాఠిన్యం, కాల్షియం, మెగ్నీషియం, సోడియం, బైకార్బొనేటు, క్లోరైడు, సల్ఫేటు, నైట్రేటు, ఫ్లోరైడు పరీక్ష చేయించండి. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు ఫ్లోరైడు 1 మి.గ్రా., వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా. నైట్రేటు 45 దాటకూడదు. టీడీఎస్ 500, వేరే దారి లేకుంటే 2,000. నల్లమల అంచు ఊళ్లలో యురేనియం కూడా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు.

నల్లగొండకు ఫ్లోరైడు సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ఊళ్లు తరతరాలు భరించాయి. ఫ్లోరైడును గని పుట్టించదు, అది గ్రానైటులోని ఖనిజాల్లోనే ఉంది. కానీ గుంతలోంచి నీళ్లు తోడుతుంటే పైనున్న మంచి నీరు ముందు పోతుంది. రైతు బోరును ఇంకో 300 అడుగులు దింపుతాడు. లోతు బండలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో సోడియం, బైకార్బొనేటు ఎక్కువ, కాల్షియం తక్కువ. అలాంటి నీటిలో ఫ్లోరైడు తేలిగ్గా పెరుగుతుంది. మిషన్ భగీరథ నీళ్లు ఇంటికి వస్తున్నా, పొలం దగ్గర కూలీలు, పశువులు తాగేది ఈ బోరు నీళ్లే. అందుకే దింపిన ప్రతి బోరుకూ దింపకముందు ఒకసారి, దింపాక ఒకసారి ఫ్లోరైడు పరీక్ష చేయించి పక్కపక్కన రాయండి.

గని మొదలయ్యాక ఏం చూడాలి

గుంత అడుగు భూమి లోపలి నీటి మట్టం కంటే పైన ఉన్నంతకాలం భూగర్భజలానికి పెద్ద దెబ్బ తగలదు. మట్టం దాటి దిగిన రోజు నుంచి ఆ గుంత ఊళ్లోకెల్లా పెద్ద బాయి. తెలుసుకోవడం కష్టం కాదు. ఏప్రిల్, మే నెలల్లో వాన లేకున్నా గోడల్లోంచి జాలు కారుతుంటే, రోజూ మోటార్లతో తోడుతుంటే దాటినట్టే. ఆ తేదీ రిజిస్టరులో ఎర్ర సిరాతో రాయండి. తర్వాత అన్ని లెక్కలకూ అదే మొదలు.

తోడే నీరు ఎంతో కొలవాలి. బయటికి పారే కాలువకు అడ్డంగా, మధ్యలో 90 డిగ్రీల వి ఆకారపు కోత ఉన్న ఇనుప రేకు బిగించండి, లేదా బిగించమని గనివాళ్లను అడగండి. రేకుకు మూడు నాలుగు అడుగుల ఎగువన, నీరు నిదానంగా ఉన్న చోట, కోత అడుగు నుంచి నీరు ఎంత ఎత్తున ఉందో స్కేలుతో చూడండి. 5 సెం.మీ. ఉంటే సెకనుకు సుమారు 0.8 లీటరు, 7 ఉంటే 1.8, 10 ఉంటే 4.4, 15 ఉంటే 12 లీటర్లు. ఎత్తు రెండింతలైతే నీరు ఐదారింతలవుతుంది, కాబట్టి అర సెంటీమీటరు కూడా వదలొద్దు. రేకు పక్కల నుంచి నీరు జారితే లెక్కంతా తప్పు, బంకమట్టితో మూయండి.

ఆ లెక్క ఎంత పెద్దదో చూడండి. సెకనుకు 5 లీటర్ల చొప్పున రోజుకు పది గంటలు తోడితే 180 ఘనమీటర్లు. ఏడాదిలో 200 రోజులకు 36,000 ఘనమీటర్లు. మొరం నూటికి రెండు వంతులే నీరిస్తుంది కాబట్టి, వాన నీరు తోడుకాకపోతే ఇది చదరపు కిలోమీటరు, అంటే దాదాపు 250 ఎకరాల కింద మట్టాన్ని 1.8 మీటర్లు, ఆరడుగులు దించడానికి సరిపోయే నీరు. కాగితం మీద చిన్నదిగా కనిపించే పంపు అంకె ఊరికి ఎంతో అర్థం చేసుకోవడానికి ఈ పద్ధతి వాడండి. ఆరడుగులూ సమంగా దిగవు. పగులు వరుసలో ఇరవై, పక్కన రెండు కావచ్చు.

తోడిన నీరు ఎక్కడికి పోతోందో కూడా చూడాలి. ఒండు దిగే తొట్టి దాటించి కుంటలోకో చెరువులోకో వదిలితే కొంతైనా తిరిగి ఇంకుతుంది. బూడిద రంగు రాతి పిండితో నేరుగా చెరువులోకి వదిలితే శిఖం అడుగున పిండి పొర కట్టి ఇంకడమే ఆగిపోతుంది. కోత, పాలిష్ యూనిట్ల బురదదీ ఇదే దెబ్బ. చెరువు ఎండినప్పుడు నడిమధ్యన జానెడు లోతు తవ్వి చూడండి. తెల్లని గట్టి పొర ఎంత మందం ఉందో కొలిచి ఫోటో తీయండి. ఇంకో హెచ్చరిక: గుంత నీటిని నేరుగా ఎండిన బోరులోకి వదిలి ఇంకిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మట్టి వడపోత లేకుండా నూనె, నైట్రేటు తాగునీటి పగుళ్లలోకి పోతాయి.

నైట్రేటు పేలుడు మందు నుంచి వస్తుంది. అందులో ఎక్కువ భాగం అమ్మోనియం నైట్రేటు, పేలక మిగిలింది నీటిలో ఇట్టే కరుగుతుంది. యూరియా, పెంట కూడా నైట్రేటు ఇస్తాయి కాబట్టి బోరు నీటి పరీక్ష ఒక్కటే చాలదు. గుంత అడుగున నిలిచిన నీటి నమూనా కూడా అదే రోజు తీయించండి. పెంట, మురుగు అయితే సాధారణంగా క్లోరైడు కూడా కలిసి పెరుగుతుంది. గుంత నీటిలో నైట్రేటు ఎక్కువై, గుంతకు దగ్గరైనకొద్దీ బోర్లలో పెరిగి, సాక్షి బోర్లలో పెరగకపోతే దారి తెలిసిపోయినట్టే.

పేలుళ్ల గురించి ఒక మాట నిజాయితీగా చెప్పాలి. బ్లాస్టింగ్ వల్ల బండలో కొత్తగా పగుళ్లు పడేది సాధారణంగా పేలుడుకు దగ్గరలోనే, కొన్ని పదుల మీటర్ల లోపు. కిలోమీటరు దూరాన బోరు ఎండితే దానికి బ్లాస్టింగ్ కంటే తోడకమే కారణం అయ్యే అవకాశం ఎక్కువ. ఫిర్యాదులో బ్లాస్టింగ్ అని రాస్తే అధికారులు కంపనం కొలిచి హద్దులోనే ఉందని చెప్పి పోతారు, తోడకం సంగతి ఎవరూ అడగరు. దగ్గర బోర్లలో మాత్రం పేలుడు తర్వాత ఒకటి రెండు రోజులు నీరు మబ్బుగా రావడం, ఒండు చేరడం, కేసింగ్ కింద మట్టి జారడం ఉంటాయి. పేలుడు తేదీ, గంట, నీరు మబ్బుగా వచ్చిన తేదీ, గంట పక్కపక్కన రాయండి.

రాతి దిబ్బలు ఎక్కడ పోస్తున్నారో కూడా కన్నేసి ఉంచండి. గ్రానైటు క్వారీలో దిమ్మలుగా అమ్ముడయ్యే దాని కంటే పారబోసేదే చాలాచోట్ల ఎక్కువ. అది గొలుసుకట్టు చెరువులకు నీళ్లు తెచ్చే వరద కాలువలో పడితే, పై చెరువు మత్తడి దూకినా కింది చెరువుకు చుక్క రాదు. కింది చెరువు కింద బాయిలెందుకు ఎండాయో అప్పుడు భూమిలో వెతికి లాభం లేదు. జూన్‌కు ముందు ప్రతి ఏడాదీ ఒకే చోట నిలబడి కాలువ ఫోటో తీయండి.

లెక్క చదవడం

ఉదాహరణకు, గని నీటి మట్టం దాటకముందు మేలో పగులు వరుస బోర్లలో మట్టం 52 అడుగులు, సాక్షి బోర్లలో 48 అనుకోండి. రెండేళ్ల తర్వాత అదే మేలో మీవి 71, సాక్షివి 52. మీవి 19 దిగాయి, సాక్షివి 4 దిగాయి. ఆ 4 అడుగులు వానది. మిగతా 15 అడుగులకు కారణం మీ దగ్గరే ఉంది. అది గనే అనడానికి ముందు ఇంకో లెక్క కావాలి. ఆ రెండేళ్లలో మీ వరుసలో కొత్త బోర్లు ఎన్ని పడ్డాయి, యాసంగి వరి ఎన్ని ఎకరాలు పెరిగింది? ఆ లెక్క కూడా మీరే ముందు బయట పెట్టండి. దాచితే అవతలివాళ్లు తీస్తారు, అప్పుడు మొత్తం రిజిస్టరే నమ్మకం కోల్పోతుంది.

మే నెలను మే నెలతోనే పోల్చాలి. నవంబరు మట్టాన్ని మేతో పోల్చి ‘ముప్పై అడుగులు పోయింది’ అనే ఫిర్యాదు మొదటి ప్రశ్నకే పడిపోతుంది.

కాగితాలు

ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన గనికి కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలి. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా ప్రతి కలెక్టరు కార్యాలయంలో చూడొచ్చు, దాని సారాంశం తెలుగులో ఉండాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2006 సెప్టెంబరు 14 నోటిఫికేషన్ ఇచ్చిన హక్కు ఇది. ముసాయిదాలో నాలుగు విషయాలు వెతకండి: గుంత చివరి లోతు, మే నెల నీటి మట్టం, రోజుకు ఎన్ని ఘనమీటర్లు తోడతారు, ఆ నీరు ఎక్కడికి వదులుతారు. చివరి లోతు మట్టం కంటే కిందికి ఉండి, తోడే నీరు సున్నా అని రాసి ఉంటే, ఆ రెండూ కలవవని సభలో రాతపూర్వకంగా అడగండి. బోరు ఎండితే ఎన్ని రోజుల్లో ఎవరు నీరిస్తారో కూడా అనుమతి షరతుల్లో పెట్టమని అడగాలి. నోటిమాటగా చెప్పిన హామీ సభ నమోదు పత్రమైన మినిట్స్‌లో ఉండదు.

అనుమతి వచ్చాక ఆరు నెలలకోసారి, జూన్ 1కీ డిసెంబరు 1కీ, షరతుల అమలు నివేదిక గనివాళ్లు ఇవ్వాలి. అది చేతికి రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. అందులోని నీటి మట్టాలను మీ రిజిస్టరుతో తేదీ తేదీకి పోల్చండి. ఫిర్యాదు ఒకే చోట ఇవ్వొద్దు. కలెక్టరుకు, జిల్లా భూగర్భజల అధికారికి, గనుల శాఖ అసిస్టెంట్ డైరెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఒకే కాగితం, గ్రామసభ తీర్మానం జతచేసి ఇవ్వండి. సంయుక్త తనిఖీకి వచ్చినప్పుడు మీ బోరును వాళ్ల టేపుతోనే కొలిపించి, మీ రిజిస్టరులో వాళ్ల సంతకం తీసుకోండి. తాగునీటి పనులకు జిల్లా ఖనిజ నిధిలో అధిక ప్రాధాన్యం ఉంది, ఆ అర్జీ విడిగా పెట్టండి.

గని మూతపడ్డాక

పంపులు ఆగిన మర్నాడే బోర్లలో నీళ్లు లేస్తాయని అనుకోవద్దు. మొదట గుంత నిండాలి. చుట్టుపక్కల నీరంతా ఆ పల్లంలోకే నడుస్తుంది. గుంత లోతును, వానలను బట్టి ఏళ్లు పడుతుంది. నిండిన తర్వాత కూడా పాత మట్టం పూర్తిగా రాకపోవచ్చు. ఆరుబయట ఉన్న నీటిని ఎండ తాగుతూనే ఉంటుంది, దాని బదులు చుట్టూ ఉన్న మొరం నుంచి నీరు వస్తూనే ఉంటుంది. తీసేసిన మొరం తిరిగి రాదు కాబట్టి ఆ మేరకు నిల్వ కూడా పోయినట్టే. రిజిస్టరును మూతపడిన రోజు మూయొద్దు. కనీసం ఐదారేళ్లు కొనసాగించండి.

గుంతలో నిలిచిన నీరు చెరువులా భూమిలోకి ఇంకుతోందని చాలామంది అనుకుంటారు. నిజంగా ఇంకుతోందో లేదో వారం రోజుల్లో తేల్చొచ్చు. మార్చి, ఏప్రిల్‌లో వానలేని ఏడు రోజులు చూసుకోండి. గుంత అంచున ఒక కర్రకు స్కేలు బిగించి నీటిలో పాతండి. గట్టున ఎండపడే చోట వెడల్పు నోరున్న తొట్టిలో నీళ్లు పోసి, పశువులు తాగకుండా పైన వల కట్టి పెట్టండి. రోజూ పొద్దున్నే రెండూ కొలవండి. తొట్టి చిన్నది కాబట్టి గుంత కంటే ఎక్కువే ఆవిరవుతుంది. తొట్టి రోజుకు 9 మి.మీ. తగ్గితే గుంత ఎండకు తగ్గాల్సింది ఆరేడు మి.మీ. ఎవరూ తోడకుండా గుంత 20 మి.మీ. తగ్గితే మిగతాది పగుళ్లలోకి పోతోంది. ఆ పగుళ్ల వరుస బోర్లకు మేలు, కానీ గుంతలో ఏ చెత్త వేసినా అది కూడా అక్కడికే పోతుంది. గుంత ఆరు మి.మీ. మాత్రమే తగ్గితే అడుగు బిగువుగా ఉన్నట్టు, అది ఇంకుడు గుంత కాదు. రెండూ కాకుండా తగ్గడమే లేకపోతే చుట్టూ ఉన్న బాయిల నీరు ఇంకా దానిలోకే వస్తోంది.

బిగువు గుంతలో ఏటేటా ఉప్పు పేరుకుంటుంది. ఆవిరయ్యేటప్పుడు కాల్షియం సున్నపు పొరగా దిగిపోయి, ఫ్లోరైడు నీటిలోనే మిగిలి చిక్కబడుతుంది. పైపైన ముంచిన నీటి పరీక్ష మోసం చేస్తుంది. సీసాకు రాయి కట్టి, మూతకు వేరే తాడు కట్టి, అడుగుదాకా దించాక మూత లాగి నింపండి. పై నీటి నమూనా, అడుగు నమూనా మే నెలలో పక్కపక్కన పరీక్షించాకే పొలానికి వాడాలో లేదో నిర్ణయించండి. టీడీఎస్ తక్కువగా ఉన్నా సోడియం, బైకార్బొనేటు ఎక్కువుంటే నల్లరేగడి రెండు మూడేళ్లలో బిగుసుకుపోతుంది. తాగడానికి మాత్రం వద్దు.

గుంతలో ఊరి చెత్త, కోళ్ల ఫారం వ్యర్థాలు, చచ్చిన పశువులు వేయనివ్వకండి. మొరం తీసేసిన బండకు వడపోత లేదు, అది నేరుగా తాగునీటిలో కలిపినట్టే. పూడ్చాలంటే క్వారీ రాతి దిబ్బలనే వాడి, పైన మట్టి మూడడుగులైనా పరచాలి. పూడ్చని గుంతకు చుట్టూ కంచె, లోపలి వైపు ఎక్కడానికి ఒక మెట్ల దారి ఉండాలి. కంచె దాటి ఈతకు దిగిన పిల్లలు నిట్టనిలువు గోడల మధ్య చిక్కుకునేది ఎక్కే చోటు లేకే.

రిజిస్టరు రెండు ప్రతులు రాయండి. ఒకటి పంచాయతీలో, ఒకటి బడిలో. పదవులు మారినప్పుడు మొదట పోయేది బోరు గుర్తులే, అందుకే మొదటి పేజీలోనే ప్రతి బోరు సర్వే నంబరు, ఫోన్‌లో చూసిన అక్షాంశ రేఖాంశాలు, కేసింగ్ ఎత్తు రాసి పెట్టండి. ఏటా ఉగాదికి కేసింగ్ మీద ఎర్ర గీత మళ్లీ వేయండి.